పెంపకమును తూచు మాటలు

అంగడిలో సరకు కొనువారు తక్కెడ ముల్లును చూతురు. తూకపు రాళ్ళను తూనికల శాఖవారు గడువు ప్రకారము పరీక్షించి ముద్ర వేయుదురు. ముద్రలేని రాయితో వ్యాపారము చేయుట నేరము. కాని మనుష్యులను తూచెడు మాటలకు అట్టి ముద్ర వేయువారెవరును లేరు. ఒక దేశపు కచేరీలో పుట్టిన మాట ఇంగ్లీషులోనికి మారి, అచ్చటినుండి తెలుగులోనికి వచ్చి, ఒక తల్లి చెవిని బడునప్పటికి దాని బరువు ఎంత పెరిగినదో, ఎంత తరిగినదో విచారించువారు లేరు. ఈ వారము మేము చదువరుల యెదుట నుంచదలచిన విషయమిది.

కొన్ని వారముల క్రిందట రాబర్ట్‌సన్‌పేటకు చెందిన వృద్ధ దంపతులు మన సంఘ కార్యాలయమునకు వచ్చిరి. మూడు తరములుగా ఈ బంగారు గనుల ప్రాంతమున స్థిరపడిన కుటుంబము వారిది. వారి కుమార్తెయు అల్లుడును ఉద్యోగరీత్యా స్వీడన్ దేశమున నున్నారు. వారికి బడికి పోవు కుమారుడొకడు కలడు. అచ్చటి పురపాలక సాంఘిక సేవా శాఖనుండి తల్లిదండ్రుల పేర ఒక ఉత్తరము వచ్చినది. యంత్రము చేసిన ఇంగ్లీషు తర్జుమాను కుమార్తె పంపగా, తండ్రి నిఘంటువును దగ్గర పెట్టుకొని దానిని తెలుగున వ్రాసికొనినారు. ఆ కాగితమున "ఫిర్యాదు", "దర్యాప్తు", "తల్లిదండ్రుల సామర్థ్యము" అను మూడు మాటల క్రింద పెన్సిలుతో గీతలు గీసియున్నవి.

ఆ తల్లి మాతో ననిన మాట యిది: "నా కూతురికి బిడ్డను సాకేది చేతకాదని రాసినారంట నాయనా. పోలీసోళ్ళు వస్తారా?"

మేము వారికి ధైర్యము చెప్పి, స్వీడిష్ భాష నెరిగిన మన ఊరి యువకు నొకనిని ఫోనులో పిలిచి, మూలమును పంక్తి పంక్తిగా చదివించితిమి. అందున్న సంగతి యిది. బిడ్డనుగూర్చి తమకు కలవరము కలిగినదని పాఠశాలవారు తెలియజేసిరి. బిడ్డకు ఏదైన సహాయము అవసరమా యని శాఖవారు విచారింపదలచిరి. తల్లిదండ్రులు ఫలాని దినమున వచ్చి మాట్లాడవలెను. దుబాసి నేర్పాటు చేయుదురు. బిడ్డ అక్కరలను, వాటిని తీర్చుటలో తల్లిదండ్రుల పాత్రను చూతురు. ఉత్తరమంతయు ఇంతే. అందొక ప్రశ్న యున్నది. రెండు భాషలు దాటి వచ్చునప్పటికి ఆ ప్రశ్న తీర్పుగా మారినది. ఆ కుటుంబపు విచారణ యింకను ముగియలేదు కనుక వారినిగూర్చి ఇంతకుమించి వ్రాయుట మర్యాద కాదు. కాని ఆ మాటలనుగూర్చి వ్రాయుట మన విధి.

మొదటి మాట చూతము. స్వీడిష్ భాషలో దానిని "ఊరూస్‌ఆన్‌మేలన్" అందురు. "ఊరూ" అనగా కలవరము. "ఆన్‌మేలన్" అనగా తెలియజేయుట. బిడ్డకు కీడు జరుగుచున్నదేమో యను అనుమానము కలిగినను, ఉపాధ్యాయులు, వైద్యులు, నర్సులు మున్నగువారు వెంటనే ఆ సంగతి తెలియజేయవలెనని ఆ దేశపు చట్టము శాసించుచున్నది. తెలియజేయకున్న వారిదే తప్పు. కావున వ్రాసిన పంతులమ్మ పగవారు కాదు. ఇంగ్లీషులో "కంప్లెయింట్" అనగానే మన మనసునకు ఠాణా తోచును, ఎదుటివాడు కక్షగట్టినట్లు తోచును. "కలవరము తెలుపు లేఖ" యని చెప్పినచో ఆ తల్లి ఆ రాత్రి నిద్రపోయి యుండెడిది.

రెండవ మాట "ఊత్‌రేద్నింగ్". చిక్కుపడిన దారమును విప్పుట యను భావము ఆ మాటలో నున్నది. ఇంగ్లీషున "ఇన్వెస్టిగేషన్" అనిరి. తెలుగున అది "దర్యాప్తు" అయినది. మన ప్రాంతమున దర్యాప్తు అనగా నేరము జరిగినదని అర్థము. స్వీడన్‌లో ఈ విచారణను సామాన్యముగా 4 మాసములలో ముగింపవలెనను నియమము కలదు. ముగిసినపిమ్మట ఏమియు అవసరము లేదని మూసివేయుటయు కలదు. సలహాయో, సహాయమో ఇచ్చుటయు కలదు. మరి కఠినమైన చర్యయు కలదు.

మూడవది అన్నిటికంటె బరువైనది: "ఫొరెల్డ్రఫొర్‌మోగ". తల్లిదండ్రులకు బిడ్డను పెంచుటలో గల శక్తి యని అర్థము చెప్పవచ్చును. దీనిని ఇంగ్లీషులోనికి మార్చువారు కొందరు "పేరెంటల్ ఎబిలిటీ" యనియు, కొందరు "పేరెంటింగ్ కెపాసిటీ" యనియు వ్రాయుదురు. ఎబిలిటీ యనగా మనిషికి పుట్టుకతోనో అభ్యాసముతోనో వచ్చిన నేర్పు. కెపాసిటీ యనగా పాత్రలో ఎంత పట్టునో అంత. మన తెలుగులో "చేతకాదు" అనుమాట కత్తివంటిది. ఈ పని నాకు చేతకాదనిన ఒక అర్థము. వాడు చేతకానివాడనిన మరియొక అర్థము. మొదటిదానికి సహాయము మందు. రెండవది పరువునకు దెబ్బ. ఆ వృద్ధురాలు రెండవ అర్థమునే వినినది.

విచిత్రమేమనగా, ఈ మాట స్వీడన్‌లో పుట్టినది కాదు. ఇంగ్లండు దేశపు ఆరోగ్యశాఖవారు 2000 సంవత్సరమున, అక్కరలోనున్న బిడ్డల స్థితిని అంచనా వేయుటకు ఒక పద్ధతిని ప్రకటించిరి. దానిని త్రికోణముగా చిత్రింతురు. ఒక ప్రక్క బిడ్డ ఎదుగుదలకు కావలసినవి. రెండవ ప్రక్క తల్లిదండ్రుల పెంపకము. మూడవ ప్రక్క కుటుంబపు స్థితిగతులు, ఇల్లు, ఆదాయము, బంధువులు, ఇరుగుపొరుగు. స్వీడన్ దేశపు సాంఘికసేవా జాతీయ మండలివారు ఇంగ్లండు పద్ధతులను ఆధారము చేసికొని, "బిడ్డల అక్కరలు నడిమిన" యను అర్థము వచ్చు పేరుతో తమ పద్ధతిని రూపొందించుకొనిరి. ఇంగ్లండు పట్టికలో పెంపకమునకు ఆరు అంశములున్నవి: నిత్యసంరక్షణ, అపాయమునుండి కాపుదల, మనసులోని వెచ్చదనము, బుద్ధి వికసించుటకు ప్రోత్సాహము, మంచిచెడ్డల హద్దులు చూపుట, నిలుకడ. అందు "వెచ్చదనము" అనుమాట స్వీడిష్‌లోనికి పోయినప్పుడు "మనసున అందుబాటులో నుండుట" యను అర్థముగల మాటగా మారినది. ఇప్పుడు ఆ స్వీడిష్ మాటను మరల ఇంగ్లీషులోనికి మార్చినచో "ఎమోషనల్ అవైలబిలిటీ" వచ్చుచున్నది. వెచ్చదనమని పోయినది అందుబాటు అని తిరిగివచ్చినది. పుట్టింటికి వచ్చిన కూతురిని పుట్టినిల్లే పోల్చుకొనలేని స్థితి యిది.

ఇందు మనము గమనింపవలసిన ముఖ్యాంశ మొకటి కలదు. త్రికోణమున పెంపకమను ప్రక్కను విడిగా కొలువరు. ఆ బిడ్డకు ఏమి కావలెనో దానితో పోల్చి, ఆ కుటుంబపు స్థితిగతులతో కలిపి చూతురు. ఆరోగ్యవంతుడైన పిల్లవానికి చాలిన తల్లిదండ్రులే, నిత్యము వైద్యము కావలసిన పిల్లవాని విషయమున తోడులేనిదే చాలకపోవచ్చును. అది వారి నేరము కాదు. తర్జుమాలో "సామర్థ్యము" అనుమాట ఒక్కటియే త్రికోణమునుండి ఊడివచ్చి, ఒంటరిగా మనిషి నెత్తిన పడుచున్నది. తక్కెడలో ఒక తట్టను మాత్రమే చూచి తూకము చెప్పినట్లున్నది.

ఇంగ్లండునకు చెందిన శిశువైద్యుడు, మనోవిశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ 1950 దశకమున "చాలినంత మంచి తల్లి" యను భావమును ప్రచారము చేసెను. తల్లి లోపము లేనిదిగా నుండనక్కరలేదు, బిడ్డకు చాలినంత చేసిన చాలునని ఆయన తాత్పర్యము. ఈ భావమును మన కోలారు జిల్లావారికి బోధింప పనిలేదు. మన తెలుగున "సాకుట" యనిన పెంచుట. మన ఇరుగుపొరుగు కన్నడమున "సాకు" అనిన పెంచుటయు అగును, చాలునను అర్థమును కలదు. సాకుటయు చాలుటయు ఒక్క మాటలో ఇమిడిన నేలమీద మనము బ్రతుకుచున్నాము. ఇక తెలుగున "సాకు" అనిన మూడవ అర్థమొకటి కలదని చదువరు లెరుగుదురు. ఆ అర్థమునకు తావీయరాదని ముందు చెప్పబోవుచున్నాము.

స్వీడిష్ చట్టములో "బ్రిస్టెర్" అను మాట తరచు వచ్చును. కొరతలు అని అర్థము. సంరక్షణలో కొరతలవలన బిడ్డ ఆరోగ్యమునకో, ఎదుగుదలకో స్పష్టమైన అపాయమున్నప్పుడు బలవంతపు చర్య తీసికొనవచ్చునని 1990 నాటి వారి చట్టము చెప్పుచున్నది. ఇంగ్లీషున దీనిని కొందరు "నెగ్లెక్ట్" అని వ్రాయగా, తెలుగున అది "నిర్లక్ష్యము" అగుచున్నది. కొట్టులో సరకు కొరతపడుట వేరు, వ్యాపారి సరకును దాచుట వేరు. కొరత యనినప్పుడు మనసులోని ఉద్దేశమును ఎంచుట లేదు. నిర్లక్ష్యమనినప్పుడు ఉద్దేశముమీదనే నింద పడుచున్నది.

ఇంతవరకు చదివినవారు, మాటలను మెత్తబరచిన చాలునని మేము చెప్పుచున్నామని తలపవచ్చును. అట్లు కాదు. బరువు పెరిగిన మాట ఎంత కీడు చేయునో, తగ్గిన మాట అంతకంటె ఎక్కువ కీడు చేయును. స్వీడిష్‌లో "ఫమిల్యెహెమ్" అను మాట కలదు. మాటకు మాట మార్చినచో ఇంగ్లీషున "ఫ్యామిలీ హోమ్" అగును. బిడ్డను ఫ్యామిలీ హోమ్‌లో నుంచుదురని చదివిన తల్లి, బిడ్డ తన ఇంటికే వచ్చుచున్నాడని సంతోషపడును. నిజమునకు ఆ మాటకర్థము, బిడ్డను పెంచుటకు శాఖవారు నియమించిన పరుల కుటుంబము. అట్లే "ఓంహెండర్‌తాగాండె" యను మాట కలదు. బిడ్డను ప్రభుత్వము తన సంరక్షణలోనికి తీసికొనుట యని దాని భావము. దానిని ఇంగ్లీషున "కేర్" అనినచో దాదులు చూచుకొందురు కాబోలునని తోచును. "కస్టడీ" యనినచో బిడ్డ నేరము చేసినట్లు తోచును. రెండును తప్పుదారి పట్టించునవే. బిడ్డను చూచుటకు తల్లిదండ్రులు పోవుటను ఇంగ్లీషున "విజిటేషన్" అని వ్రాయగా, మనవారు దానిని "ములాఖత్" అనుకొనిన సందర్భమును మేమెరుగుదుము. ములాఖత్ అనునది జైలు మాట.

మెత్తని తర్జుమావలన గడువులు దాటిపోవును. అత్యవసరముగా బిడ్డను తీసికొనిన పక్షమున, ఆ నిర్ణయమును 1 వారములోగా పరిపాలనా న్యాయస్థానమునకు సమర్పింపవలెను. న్యాయస్థానము మరి 1 వారములోగా దానిని పరిశీలింపవలెను. తల్లిదండ్రులకు ప్రభుత్వ వ్యయముతో న్యాయవాదిని ఇచ్చుట కలదు. తీర్పుపై 3 వారములలోగా పై న్యాయస్థానమునకు పోవచ్చును. "కేర్" అను మాటను విని ఊరకున్నవానికి ఈ దినములన్నియు చేజారిపోవును.

ఇచ్చట మనము మనతో నిజము మాట్లాడుకొనవలెను. స్వీడన్‌కు పొరుగుదేశమైన నార్వేలో 2011 సంవత్సరమున స్టావంగర్ నగరమునందు ఒక బెంగాలీ దంపతుల యిరువురు బిడ్డలను అచ్చటి ప్రభుత్వశాఖ తీసికొనినది. చేతితో అన్నము పెట్టుట, బిడ్డను ప్రక్కలో పరుండబెట్టుకొనుట తప్పులుగా ఎంచిరని మన పత్రికలలో గొప్ప కలకలము రేగినది. ఆచారభేదములు కారణము కావని అచ్చటి అధికారులు చెప్పిరి. 2012 ఏప్రిల్‌లో బిడ్డలు తండ్రి సోదరుని సంరక్షణలో భారతదేశమునకు వచ్చిరి. 2013 జనవరిలో కలకత్తా హైకోర్టు వారిని తల్లికి అప్పగించినది. ఆ కథలో ఎవరి మాట ఎవరికి ఎంత అర్థమైనదో ఈనాటికిని వాదములే.

అదే నార్వేలో 2012 డిసెంబరున ఓస్లో న్యాయస్థానము ఒక తెలుగు దంపతులకు, తమ చిన్న కుమారుని హింసించిన నేరమునకు, తండ్రికి 18 మాసములు, తల్లికి 15 మాసములు కారాగారశిక్ష విధించినది. అప్పుడును మనలో పలువురు "మన పెంపకపు పద్ధతి వారికి తెలియదు" అనిరి. స్వీడన్ 1979 సంవత్సరముననే బిడ్డలను కొట్టుట నిషేధించిన మొదటి దేశము. నార్వే 1987లో నిషేధించినది. దెబ్బకు తర్జుమా అక్కరలేదు. ఏ భాషలోనైనను దెబ్బ దెబ్బయే. తర్జుమా సరిగాలేదను సాకును దానికి అడ్డము పెట్టరాదు. మేము కోరునది న్యాయమైన తూకము. తప్పు చేసినవాని తప్పును తగ్గించి తూచుటయు అన్యాయమే.

ఇంత దూరపు సంగతి మనకేల యని కొందరడుగవచ్చును. మన బిడ్డలు అచ్చట నున్నారు గనుక అను సమాధానము ఒకటి. అంతకంటె దగ్గరిది మరియొకటి. ఇదే తూకము మన జిల్లాలోను జరుగుచున్నది.

మన దేశమున 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము జిల్లాకొక బాలల సంక్షేమ సమితి యుండవలెను. అధ్యక్షుడు గాక నలుగురు సభ్యులు; అందొకరైనను స్త్రీ యుండవలెను. ఆ సమితికి మేజిస్ట్రేటు అధికారములు కలవు. సంరక్షణ కావలసిన బిడ్డనుగూర్చి 15 దినములలో సాంఘిక విచారణ ముగించి, 4 మాసములలో తుది ఉత్తర్వు చేయవలెనని చట్టము. స్వీడన్‌వారి నాలుగు మాసములే ఇచ్చటను కలవు. బిడ్డను రక్షించి పోషించుటకు తల్లిదండ్రులు "అన్‌ఫిట్" అనియో, "ఇన్‌కెపాసిటేటెడ్" అనియో సమితి తేల్చినచో ఆ బిడ్డ సంరక్షణ కావలసిన బిడ్డ యగును.

"అన్‌ఫిట్" అను మాటను "అయోగ్యులు" అని ఎవరైన తర్జుమా చేసినచో ఏమగునో చదువరులే ఊహింపవచ్చును. తెలుగునను కన్నడమునను అది తిట్టు. మన తాతలకు మాత్రము ఆ ఇంగ్లీషు మాట వేరుగా తెలియును. రాతిధూళి పీల్చి సిలికోసిస్ వ్యాధితో ఊపిరితిత్తులు చెడినవాడు గనిలోనికి దిగుటకు అన్‌ఫిట్. వాడు చెడ్డవాడని ఎవరును అనలేదు. వానికి చేతనైన వేరుపని చూపవలెననియు, పరిహారమీయవలెననియు దాని తాత్పర్యము. పెంపకమునగూర్చి చెప్పినప్పుడును ఆ మాటకు ఆ తూకమే ఉండవలెను: ఏ పనికి చాలరు, ఎందువలన చాలరు, ఏ తోడు నిచ్చిన చాలుదురు?

మన జిల్లాలో ప్రభుత్వభాష కన్నడము. దానిపై మాకు గౌరవమేగాని వైరము లేదు. మన బిడ్డలు చదువుకొనుచున్నది, మన వ్యాపారము సాగుచున్నది ఆ భాషలోనే. అయినను అక్కచెల్లెండ్రవంటి భాషలమధ్యనే పొరపాట్లు ఎక్కువ. సంక్షేమ సమితిని కన్నడమున "మక్కళ కల్యాణ సమితి" యందురు. తెలుగు చెవికి కల్యాణమనిన పెండ్లి. తల్లిదండ్రులను కన్నడమున "పోషకరు" అనియు "పాలకరు" అనియు వ్రాయుదురు. మనకు పోషకులనగా సంఘమునకు చందాలిచ్చు దాతలు, పాలకులనగా దేశము నేలువారు. కన్నడమున "తనిఖె" యనిన లోతైన విచారణ; తెలుగున తనిఖీ యనిన రైలులో టిక్కెట్టు చూచుట. ముళబాగిలు, శ్రీనివాసపురము తాలూకాల పల్లెలనుండి వచ్చిన తెలుగు రైతు, "తనిఖె" కాగితమున సంతకము చేయునప్పుడు దేనిపై సంతకము చేయుచున్నాడో యెరుగునా?

బంగారు గనుల ప్రాంతపు స్థితినిగూర్చి మరియొక మాట. 2001 ఫిబ్రవరి 28వ తేదీన భారత్ గోల్డ్ మైన్స్ మూతపడినది మొదలు, మారికుప్పమునుండి బంగారుపేటమీదుగా తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరునకు పనికిపోయి, రాత్రి తిరిగివచ్చు తల్లిదండ్రులు వేలమంది. బిడ్డలను అవ్వతాతలు సాకుచున్నారు. విచారణాధికారి వచ్చి "తల్లిదండ్రులు పగలు ఇంట నుండరు" అని వ్రాసికొని పోయినచో, ఆ వాక్యము తర్జుమాలో "బిడ్డను విడిచిపెట్టినారు" అని మారుట కెంతసేపు? "అవ్వ చూచుకొనుచున్నది" యను వాక్యము ప్రక్కన లేకున్న తూకము తప్పును. త్రికోణపు మూడవ ప్రక్క, అనగా కుటుంబము, బంధువులు, ఇరుగుపొరుగు, మన యింటిలో బలమైనది. దానిని వ్రాయించుట మన పని.

ఈ విషయమున మనకు ఆధారములు లేకపోలేదు. తన కష్టమును ఏ అధికారికైనను, కేంద్రమునందో రాష్ట్రమునందో వాడుకలోనున్న ఏ భాషలోనైనను విన్నవించుకొనవచ్చునని రాజ్యాంగపు 350వ అధికరణము హక్కు నిచ్చుచున్నది. 1956లో ఏడవ సవరణ ద్వారా అల్పసంఖ్యాక భాషలవారికొక ప్రత్యేకాధికారిని నియమించు ఏర్పాటు జరిగినది. ఒక ప్రాంతమున నూటికి 15 నుండి 20 మంది అల్పసంఖ్యాక భాష మాట్లాడువారున్నచో, ముఖ్యమైన ప్రకటనలు, నియమములు ఆ భాషలోను ప్రకటించుట మంచిదని కేంద్ర ప్రభుత్వము 1956 నాటి పత్రమున సూచించినది. స్వీడన్‌లోను 2017 నాటి పరిపాలనా చట్టము ప్రకారము, స్వీడిష్ రానివాడు తన హక్కును కాపాడుకొనుటకు అవసరమైనచో అధికారులు దుబాసి నేర్పాటు చేసి, కాగితములను తర్జుమా చేయింపవలెను. ఇచ్చటను అచ్చటను హక్కు కాగితముపై నున్నది. అడిగినవానికే అది అందును.

కావున మా సూచనలివి. బిడ్డనుగూర్చిన ఏ కాగితమునైనను మీ భాషలో చదివి వినిపించినగాని సంతకము చేయవలదు. దుబాసిని అడుగుడు, మీ బిడ్డనే దుబాసిగా పెట్టుకొనవలదు. తల్లిదండ్రులపై వచ్చిన మాటను బిడ్డ నోట పలికించుట ఆ బిడ్డకు భారము. బంధువును పెట్టుకొనినను ప్రమాదమే. ప్రేమచేత అతడు చేదును మింగి తీపిని చెప్పును. మంచి దుబాసి దేనిని చేర్చడు, దేనిని విడువడు, విన్నదానిని బయట చెప్పడు. ఇంగ్లీషు తర్జుమాతో తృప్తిపడక మూలపత్రమును చేతనుంచుకొనుడు. ఎంత పెద్దమాట వినబడినను మూడు ప్రశ్నలడుగుడు: ఏ అక్కర తీరుటలేదని చెప్పుచున్నారు? ఎప్పటినుండి, ఏమి చూచి చెప్పుచున్నారు? ఎవరు, ఏ గడువులోగా, ఏమి చేసిన సరిపోవును? ఈ మూడింటికి జవాబు దొరికినచో సామర్థ్యమను పెద్దమాట చిన్న చిన్న పనులుగా విడిపోవును. పనులను మనము చేయగలము.

తర్జుమా చేయువారికిని మా మనవి యిదియే. మనిషికి బిరుదు తగిలించు మాటకంటె పనిని చెప్పు మాట మేలు. "తల్లికి సామర్థ్యము లేదు" అని వ్రాయుటకంటె "బిడ్డను ఉదయము వేళకు బడికి పంపుటలో కొరత యున్నది" అని వ్రాయుట నిజమునకు దగ్గర. మూలమున కఠినముగా నున్నచోట కఠినముగానే వ్రాయుడు. మూలమున ప్రశ్న యున్నచోట ప్రశ్నగానే యుంచుడు.

1958 మొదలుకొని దేశమున కిలోగ్రాముల పద్ధతి వచ్చినప్పుడు మన పెద్దల అంగళ్ళలో సేరునకు ఎన్ని గ్రాములో తెలుపు పట్టికలు గోడకు వ్రేలాడెడివి. 80 తులముల సేరు 933 గ్రాములు. సేరు కిలో ఒకటే యనుకొనినవానికి ప్రతి తూకమునను 67 గ్రాములు తేడా వచ్చెడిది. చూచుటకు అల్పము, సంవత్సరాంతమున లెక్క చూచినప్పుడు తెలిసెడిది. మాటలకును అట్టి పట్టిక యొకటి కావలెను. కన్నడము, ఇంగ్లీషు, తెలుగు మూడు భాషలలో, బిడ్డల సంరక్షణకు సంబంధించిన ఇరువది ముప్పది మాటలను, ప్రతిదానికి వాడుక తెలుగున రెండు పంక్తుల వివరణతో సిద్ధపరచవలెనని మేము సంకల్పించితిమి. విదేశములలోనున్నవారి కొరకు ఆయా దేశపు మాటలను నాల్గవ వరుసగా చేర్చవచ్చును. మన ఉపాధ్యాయులు, న్యాయవాదులు, విశ్రాంత ఉద్యోగులు, విదేశములలోనున్న మన యువకులు తోడ్పడవలెనని కోరుచున్నాము. తప్పులున్న దిద్దుడు, లేని మాట తెలుపుడు.

ఆ దినమున మేము ఉత్తరమును మరల తెలుగున చదివి వినిపించిన పిమ్మట ఆ వృద్ధురాలు కొంచెముసేపు ఊరకుండి, "అట్లయితే వాళ్ళు అడిగేది ఏమి? మేము చేయాల్సింది ఏమి?" అనినది. మొదట ఆమె అడిగినది పోలీసులనుగూర్చి. ఇప్పుడడిగినది మనుమనిగూర్చి. ఆ రాత్రియే కుమార్తెకు ఫోను చేసి, చెప్పిన దినమునకు తప్పక పొమ్మనియు, దుబాసిని అడుగుమనియు చెప్పిరట.